ఇంటి మాట

"మీ అమ్మాయి బుద్ధిమంతురాలేగా, ఎర్లీన్?" అని అడిగింది మిస్ కరోలిన్.

ఎర్లీన్ ఇస్త్రీపెట్టె ఆపలేదు. డ్వైట్ బాబు చొక్కా కాలరు మీద మధ్యలో ఆపితే గీత పడిపోతుంది. గంజి కాస్త ఎక్కువైతే మెడ కోసుకుపోతోందని విసిరేస్తాడు, తక్కువైతే పాలేరు చొక్కాలా ఉందంటాడు. వాడి పొత్తిగుడ్డలు ఉతికింది ఎర్లీనే, ఇప్పుడు కాలేజీకి వేసుకెళ్ళే చొక్కాలు ఇస్త్రీ చేసేదీ ఎర్లీనే. కాలరు చివర దాకా లాగి అప్పుడు తలెత్తింది.

"బుద్ధిమంతురాలేనమ్మగారూ."

"నేనూ అదే అన్నాను మా ఆయనతో. ఎర్లీన్ కూతురు అలాంటివాటికి పోదండీ అన్నాను. శనివారం టాల్బట్ కొట్టులో మా తెల్లవాళ్ళ కాఫీ బల్ల దగ్గర కూర్చుంటారటగా మీ నల్లపిల్లలు? లెమ్మన్నా లేవరట. ఎందుకు చెప్పు? మీ ఇంట్లో కాఫీ లేదా?"

"ఉందమ్మగారూ."

"మరింకేం? మా డ్వైట్, వాడి స్నేహితులూ వెళ్తారట, సంగతేమిటో చూస్తారట. వద్దురా అన్నాను. కుర్ర రక్తం, మన మాట వింటారా? నువ్వు మాత్రం నీ పిల్లని ఇంట్లో కట్టిపడేసుకో. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేనేం చెయ్యలేను." కప్పులో మిగిలిన కాఫీ తొట్టిలో పారబోసి, కడగమన్నట్టు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఎర్లీన్ కప్పు కడిగింది. నీ కొడుకుది కుర్ర రక్తం, నా కూతురిది కట్టేసుకోవలసిన ఒళ్ళు అనుకుంది. అనుకోవడం వరకే. ఆ ఇంటి వెనక మెట్లెక్కేటప్పుడే ఆమె మొహం మీదికి ఒక తెర దించుకుంటుంది. దాని వెనక ఏం జరుగుతున్నా బయటికి ఏమీ కనపడదు. సూపులో ఉప్పు ఎక్కువైందని అందరి ముందూ గిన్నె తోసేసిన రోజున, వెండి చెంచా పోయిందని సంచీ వెతికి, ఆ చెంచా సొరుగు వెనకాల దొరికాక కూడా "పోనీలే దొరికింది" అని తప్ప మరో మాట అనని రోజున, ఎర్లీన్ తల్లి చనిపోతే సగం పూట సెలవిచ్చి "మళ్ళీ రాత్రి భోజనాలకి వచ్చేస్తావుగా?" అని అడిగిన రోజున కూడా ఆ తెర కదలలేదు. అందుకే ఆ వీధిలో అందరూ అంటారు, ఎర్లీన్ లాంటి మనిషి దొరకదని. ఆ మొహం చూసే ఆమెకి పని ఇచ్చారు, పాత గౌనులిచ్చారు, పండక్కి పంది కాలు ముక్క ఇచ్చారు. డ్వైట్ చొక్కా మడత పెట్టబోయి ఆగింది. శనివారం వేసుకెళ్ళేది బహుశా ఈ చొక్కాయే.

ఇంటికెళ్ళేసరికి మొగుడు క్లియోఫస్ బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుని ఉన్నాడు. జుట్టు నిండా రంపపు పొట్టు. అతను పనిచేసేది రంపపు మిల్లులో. వాళ్ళుండే ఇల్లు మిల్లుది. పని పోతే ఇల్లూ పోతుంది.

"ఇవాళ మేస్త్రీ నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా? 'క్లియోఫస్, ఇల్లు బావుందా?' అన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా అడిగాడా? కప్పు కారుతోందని నేను పోయి మొరపెట్టుకున్నప్పుడన్నా అడిగాడా? ఇవాళ నవ్వుతూ అడిగాడు, ఇల్లు బావుందా అని!"

"మా అమ్మగారూ అడిగింది," అంది ఎర్లీన్.

"అడగదూ మరి! ఊరంతా నీ కూతురి పేరే చెప్పుకుంటోంది."

ఈస్టరు రోజున చర్చిలో పిల్ల బైబిలు పద్యాలు గడగడా ఒప్పజెప్పినప్పుడు లేచి నిలబడి "అది నా కూతురండీ" అన్న మనిషి ఇతనే. జ్వరం వచ్చినా, ఫీజు కట్టాల్సొచ్చినా, ఎదురు సమాధానం చెప్పినా అది ఎర్లీన్ కూతురైపోతుంది.

"నాకు చెప్తావేమయ్యా? అది ఎదురుగా ఉన్నప్పుడు దానికే చెప్పరాదూ?"

"తల్లివి నువ్వు. పెంపకం నీది. ఎలా మాన్పిస్తావో నాకనవసరం, మాన్పించు. లేకపోతే నీ మూటాముల్లే సర్దుకో, అందరం కలిసే రోడ్డున పడదాం." గొంతు పెంచాడు గానీ చేతులు బూటు తాడు ముడి విప్పలేక తడుముకుంటున్నాయి. ఎర్లీన్ ఆ చేతులు చూసింది. చూసి, అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతకాకుండా పోయింది.

వరండాలో చిక్కుడు కాయలు ఒలుస్తున్న అత్తగారు లోపలికి వినపడేలా అంది: "ఆడపిల్ల బజారున పడి మగాళ్ళ పక్కన బల్లలెక్కి కూర్చోవడం మా ఇంటావంటా లేదు. అయినా ఆ రంగేసుకుని ముందు వరసలో కూర్చోవడానికి సిగ్గుండద్దూ?"

ఆ రంగు. క్లియోఫస్ వాళ్ళ వైపు అందరూ తేనె రంగు మనుషులు. అత్తగారికి అదొక పెద్ద ఆస్తి. వెనీటా పుట్టిన రోజున మంత్రసాని బిడ్డని చేతిలో పెడితే ఆవిడ దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "మసిగుడ్డలా ఉందేమిటే" అంది. అదే ముద్దుపేరైపోయింది. "మసిగుడ్డా, మంచినీళ్ళు తే." "మసిగుడ్డా, చీకట్లో నవ్వవే, కనపడతావు." క్లియోఫస్ పగలబడి నవ్వేవాడు. ఎర్లీన్ నవ్వేది కాదు గానీ నోరు మెదిపేది కూడా కాదు. పొద్దుటినుంచీ మిస్ కరోలిన్ ఇంట్లో దించుకున్న తెర, ఇంటికొచ్చాక ఎత్తేంత ఓపిక ఆమెకి ఉండేది కాదు. ఒకరోజు పనినుంచి వచ్చేసరికి పెరట్లో పిల్ల నేలలు తోమే బ్లీచింగు పొడితో చేతులు రుద్దుకుంటోంది. ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్ల. మోచేతి దగ్గర తోలు లేచి నెత్తురొస్తోంది. ఏడవటం లేదు. "ఇంకాస్త రుద్దితే పోతుందమ్మా" అంది.

ఆ సాయంత్రం ఎర్లీన్ కూరగిన్నె ఎత్తి నేలకేసి కొట్టింది. ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినపడితే పిల్లని తీసుకుని పోతానంది. ఎక్కడికని అత్తగారు అడగలేదు, క్లియోఫస్ అడగలేదు. ఆ మాట మళ్ళీ వినపడలేదు. కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో ఆమె మాట నెగ్గింది అదొక్కసారే.

మర్నాడు పొద్దున పిల్ల జడలల్లుతూ ఎర్లీన్ బతిమాలింది. "తెల్లవాళ్ళ కుర్రాళ్ళు కూడా వస్తున్నారటే తల్లీ. ఒక్క శనివారం ఆగు. నీకేమన్నా అయితే నేను బతకను."

వెనీటా బడి పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలు, మొదటి పేజీలో వాళ్ళ పేర్లు. నెమ్మదిగా అంది: "నువ్వు వాళ్ళింట్లో నేను పుట్టక ముందునుంచీ నించునే ఉన్నావమ్మా. నేను ఒక్క పూట కూర్చుంటానంటున్నాను. అంతేగా?"

ఎర్లీన్ చేతిలో పాయ జారిపోయింది. మళ్ళీ మొదటినుంచీ అల్లింది.

ఆ గురువారం సాయంత్రమే చర్చి కింది గదిలో పిల్లలకి ఆఖరి తరిఫీదు. ఆడవాళ్ళంతా తలో గిన్నె తెచ్చారు. "వంట సంగతి మీరు చూసుకోండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అని పాస్టరుగారు ముందే చెప్పారు. సంఘంలో మగవాళ్ళు నలుగురూ ఒక మూల బల్ల చుట్టూ కూర్చుని, ఆడపిల్లల్ని ముందు వరసలో పెట్టాలా వద్దా అని వాదించుకుంటున్నారు. ఆడపిల్లలైతే కొట్టడానికి వెనకాడతారని ఒకాయన అంటున్నాడు. ఎర్లీన్ మొక్కజొన్న రొట్టెలు కోస్తూ ఆ మాట వింది. ఆడదాన్నని తనని ఎవరు ఎప్పుడు ఏ విషయంలో వెనకాడి వదిలేశారో ఆమెకి గుర్తు రాలేదు.

రెండు పీపాల మీద పలక వేసి కాఫీ బల్ల చేశారు. దాని ముందు కుర్చీలు వరసగా. కొందరు పిల్లలు కుర్చీల్లో కూర్చుంటారు, కొందరు తెల్లవాళ్ళ వేషం వేస్తారు. వెనకనుంచి జుట్టు లాగుతారు, నెత్తిన పంచదార పోస్తారు, కుర్చీ తన్నేస్తారు, చెవిలో బూతులు తిడతారు. కూర్చున్నవాళ్ళు తిరిగి చూడకూడదు, చెయ్యెత్తకూడదు, ఏడవకూడదు, లేవకూడదు. పడదోస్తే తల మీద చేతులు పెట్టుకుని ముడుచుకోవాలి. నేర్పేది నగరంలో కాలేజీనుంచి వచ్చిన కుర్రాడు అలోంజో. వాడి కనుబొమ మీద ఇంకా ఎండని కుట్లున్నాయి.

మొదట్లో అంతా నవ్వులాటే అయింది. బొద్దుగా ఉన్న ఒక కుర్రాడు పొట్ట ముందుకు తోసి, ముక్కుతో మాట్లాడుతూ, "ఏమ్రా, ఇది నీ తాత కొట్టు అనుకున్నావురా?" అంటుంటే కుర్చీల్లో వాళ్ళే ముందు పకపకా నవ్వేశారు.

"నవ్వకండర్రా," అన్నాడు అలోంజో. "శనివారం నవ్వితే పళ్ళు రాలతాయి."

తర్వాత పెర్సీ అనే పొడుగు కుర్రాడి వంతు వచ్చింది. నెత్తిన పంచదార పోస్తే ఊరుకున్నాడు. జుట్టు లాగితే ఊరుకున్నాడు. "మీ నాన్న మా ఇంటి ముందు టోపీ తీసి నిలబడతాడురా" అనేసరికి లేచి పిడికిలి విసిరాడు. 

"సరేలే, నువ్వు నినాదాల అట్టలు రాయి," అన్నాడు అలోంజో మెత్తగానే. "శనివారం నువ్వు రావద్దు. నీ ఒక్కడి చెయ్యి లేస్తే మిగతావాళ్ళ ప్రాణాలు పోతాయి."

పెర్సీ మెట్ల మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడు. వాడి తల్లి గదికి అటువైపున రొట్టెలకి వెన్న రాస్తోంది. ఆమె పైకి అయ్యో అంటోంది గానీ, ఆమె భుజాలు కిందికి దిగడం, ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన ఊపిరి వదలడం ఎర్లీన్ చూసింది. వద్దన్నారు. అంటే ఇంట్లో ఉంటాడు. అంటే శనివారం సాయంత్రం కూడా ఆ తల్లికి కొడుకు ఉంటాడు.

వెనీటా పేరు పిలిచారు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఎర్లీన్ కత్తి కింద పెట్టింది. పైగుడ్డకి చేతులు తుడుచుకుంది. "నేను చేస్తాను తెల్లావిడ వేషం," అంది.

అందరూ నవ్వారు. "చెయ్యి పిన్నీ, చెయ్యి," అన్నాడు బొద్దు కుర్రాడు. "రోజూ వినేదానివి నువ్వే. మాకెక్కడ వస్తాయి ఆ మాటలు!"

వెనీటా ఒక్క క్షణం తల్లి వైపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

ఎర్లీన్ వెనక నిలబడింది. గొంతు పెంచలేదు. మిస్ కరోలిన్ ఎప్పుడూ గొంతు పెంచదు. "ఎవరమ్మాయివే నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు? కొనుక్కుపోవడానికి మీకోసం వెనక కిటికీ పెట్టాంగా? ఒక్క మాట అంటే మీకు పౌరుషం, చెప్పకపోతే మీకు తెలీదు. ఎంత చేసినా విశ్వాసం లేదే మీ జాతికి. నీ చేతులు చూపించు. ఈ చేతులతో ముట్టుకున్న కప్పులో మళ్ళీ ఎవరు తాగుతారు?" ఆ తీయటి గొంతు అచ్చంగా రావడం చూసి మొదట పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎర్లీన్ పంచదార డబ్బా ఎత్తి పొద్దున తనే అల్లిన జడల మీద పోసింది. వెనీటా కదలలేదు. ఎర్లీన్ ఆ జడలు పట్టి తల వెనక్కి వంచింది. ఒక్క మాటైనా అనవే, చెయ్యైనా ఎత్తవే అని లోపల కూతుర్ని వేడుకుంటోంది. "నీ పెంపకమే ఇంత. నోరు మూసుకుని పడి ఉండటం కూడా నేర్పలేదా మీ అమ్మ? తిండి పెట్టేవాళ్ళ ఎదురుగా కూర్చుంటావా? లే. లేవవే. నీ మొహానికి ఇదొక్కటే తక్కువ." ఇవి మిస్ కరోలిన్ మాటలు కావని అనేశాకే ఆమెకి తెలిసింది. అవి క్లియోఫస్ మాటలు, అత్తగారి మాటలు. ఏది ఏ ఇంట్లో పడ్డదో వేరు చేసి చూసుకునే తీరిక ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. అన్నీ లోపల ఒకే గుట్టగా పడి ఉన్నాయి, చెయ్యి పెడితే ఏది దొరికితే అది వస్తోంది.

పిల్ల బల్ల వైపే చూస్తోంది. ఏడవదు. లేవదు. ఇంక ఎర్లీన్ దగ్గర ఒక్కటే మిగిలింది.

వంగి, చెవి దగ్గర నోరు పెట్టి అంది. "మసిగుడ్డా."

గొంతు తగ్గించే అంది గానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది. వాళ్ళకి అది ఇంకో తిట్టు, అంతే. ఎర్లీన్ చేతి కింద పిల్ల తల ఒక్కసారి బిగుసుకుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు నన్ను కొడుతుంది, కొట్టనీ దేవుడా అనుకుంది ఎర్లీన్. వంగి మొహంలోకి చూసింది. ఏ అద్దంలోనూ తను చూసుకోని మొహం అక్కడుంది. సూపు గిన్నె తోసేసినప్పటిది, సంచీ వెతికినప్పటిది. ఆ మొహంలో కూతురు లేదు, ఎవరూ లేరు.

"చాలు పిన్నీ," అన్నాడు అలోంజో. వచ్చి ఎర్లీన్ చెయ్యి పక్కకి తీశాడు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "చూశారా? ఇలా కూర్చోవాలి. వెనీటా, శనివారం మొదటి కుర్చీ నీదే. ఎక్కడ నేర్చుకున్నావిది?"

"మా ఇంట్లోనే," అంది వెనీటా.

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో ఎర్లీన్ భుజం తట్టి, "ఎంత బాగా చేశావక్కా, నిజంగా ఆవిడే అనుకున్నాం," అన్నారు. ఎర్లీన్ వెళ్ళి మిగతా రొట్టెలు కోసింది. అందరికీ పెట్టింది. గిన్నెలు కడిగింది.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. పిల్ల నడుస్తూనే జడల్లోంచి పంచదార దులుపుకుంటోంది. ఎర్లీన్ సాయం చెయ్యబోతే తల కాస్త పక్కకి తీసుకుంది. విసురుగా కాదు, పరాయి మనిషి చెయ్యి తగలబోతే తప్పుకున్నట్టు.

"నిన్ను మాన్పించాలనే అన్నానే," అంది ఎర్లీన్.

"తెలుసమ్మా."

"తప్పే. కానీ ఏం చెయ్యను? ఏడుస్తావనుకున్నాను. ఏడిస్తే వద్దంటారనుకున్నాను."

"తెలుసన్నానుగా." వెనీటా గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "ఒకందుకు మంచిదే అయింది. ఆ మాట నువ్వు అంటావేమోనని ఎప్పుడూ భయంగా ఉండేది నాకు. నాన్నా మామ్మా అన్నా నువ్వు ఒక్కదానివి అనవు అనుకునేదాన్ని. ఇప్పుడది కూడా అయిపోయింది. శనివారం ఎవరొచ్చి ఏమన్నా, అంతకన్నా ఏం చెయ్యగలరు?"

ఎర్లీన్ ఆగిపోయింది. పిల్ల ఆగలేదు. నిటారుగా, ఎవరి ఇంటికో పనికి వెళ్తున్న మనిషిలా, తొందర లేకుండా నడిచి వెళ్ళిపోయింది. శనివారం ఏమైనా కావచ్చు. ప్రాణాలతో తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. కానీ పొద్దున తన మోకాళ్ళ మధ్య కూర్చుని జడలల్లించుకున్న పిల్ల మాత్రం ఇంక రాదని, దాన్ని టాల్బట్ కొట్టు దగ్గర ఎవరూ చంపనక్కర్లేదని, చర్చి కింది గదిలో తన చేతులతోనే అయిపోయిందని ఆమెకి అర్థమైంది. కాపాడుకోవడానికని వెళ్ళింది. ఇప్పుడు ఏడవడానికి కూడా తనకి హక్కు మిగల్లేదు.

ఇంట్లో క్లియోఫస్ బల్ల ముందు కూర్చున్నాడు. వెనీటా అటువైపు చూడకుండా లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎర్లీన్ చిక్కుళ్ళ కూర, రొట్టె ముక్క అతని ముందు పెట్టింది.

"ఏమైంది? అదలా మొహం వేలాడేసుకుని పోతోందేం?"

ఎర్లీన్ గ్లాసులో నీళ్ళు పోసింది. నిజం చెబితే ఇప్పుడే లేచి తలుపు బద్దలు కొడతాడు. శనివారం బయటినుంచి గొళ్ళెం పెడతాడు. పిల్ల బతుకుతుంది. ఇల్లు ఉంటుంది, పని ఉంటుంది. పొద్దుటినుంచీ తను అడుగుతున్నది అదే, ఇప్పుడు ఒక్క మాట దూరంలో ఉంది. పిల్ల ఆ గదిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మిస్ కరోలిన్ ముసలిదైతే డ్వైట్ పెళ్ళాం వస్తుంది, ఆవిడకీ ఒక మనిషి కావాలి. ఎర్లీన్ కూతురు లాంటి మనిషి దొరకదని ఆ వీధంతా చెప్పుకుంటుంది.

"నిన్నే అడుగుతున్నా! మాన్పించావా లేదా?"

"మాన్పించాను," అంది ఎర్లీన్.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"ఏడవనీ. ఏడిస్తే దారికొస్తారు ఆడపిల్లలు," అని అతను రొట్టె తుంచుకున్నాడు. "ఇంకాస్త కూర వెయ్యి."

ఎర్లీన్ వేసింది. అతను చాలా రోజుల తర్వాత స్థిమితంగా తింటున్నాడు. ఆ మనిషికి శనివారం దాకా ఆకలి ఉంటుంది, నిద్ర ఉంటుంది, ఇల్లు ఉంటుంది. ఆమె ఎదురుగా నిలబడి, మూసి ఉన్న ఆ గది తలుపుకీ అతనికీ మధ్య, అతను తినడం అయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు.